36 వోల్టుల హబ్ మోటార్‌కు ఏ కంట్రోలర్ కొనాలె

ప్రశ్న ఇది: దేవరకొండ దగ్గర ఊరు. సైకిల్ వెనక చక్రానికి 36 వోల్టుల, 250 వాట్ల గేర్ హబ్ మోటార్ ఉంది. బ్యాటరీ లిథియం, 36 వోల్టులు, 10 ఆంప్-అవర్. వానలో తడిసినంక కంట్రోలర్ (బ్యాటరీ కరెంట్‌ను మోటార్‌కు అదుపులో ఇచ్చే డబ్బా) పనిచేస్తలేదు. దుకాణంలో 48 వోల్టుల, 350 వాట్ల కంట్రోలర్ ఇచ్చి "పెద్దది పెడితే ఏం కాదు, ఇంకా బలంగా లాగుతది" అన్నరు. పాల క్యాన్లతో గుట్ట ఎక్కాలె. అది పెట్టొచ్చా, లేకుంటే ఏది కొనాలె?

పెట్టొద్దు. ఇంకా బిగించకపోతే వాపస్ ఇచ్చేయండి. అది పెద్దదైనందుకు కాదు, దాని కటాఫ్ వోల్టేజ్ మీ బ్యాటరీకి సరిపోనందుకు. 48 వోల్టుల లిథియం బ్యాటరీ అంటే లోపల 13 సెల్స్ వరుస. నిండితే 54.6 వోల్టులు, వాడంగ వాడంగ 41, 42 దగ్గరికి దిగుతది. అక్కడికి రాంగనే సెల్స్ పాడు కాకుండ కంట్రోలర్ మోటార్‌ను ఆపేస్తది, అదే కటాఫ్. మీ బ్యాటరీలో 10 సెల్సే వరుసలో ఉంటయి. రాత్రంతా చార్జింగ్ పెట్టినా 42 వోల్టులు దాటదు. అంటే మీ నిండు బ్యాటరీ ఆ కంట్రోలర్‌కు ఖాళీ బ్యాటరీ లెక్క కనిపిస్తది. మొదట అసలు కదలకపోవచ్చు. కదిలినా, థ్రాటిల్ (యాక్సిలరేటర్) గట్టిగా తిప్పంగనే వోల్టేజ్ రెండు మూడు వోల్టులు పడిపోయి ఆగిపోతది, వదిలితే మళ్లీ లేస్తది. బ్యాటరీ పోయిందనుకొని చాలామంది మంచి బ్యాటరీని మార్చేది ఇక్కడనే. దుకాణదారు మోసం చేసిండని కూడా అనలేం. ఎలక్ట్రిక్ స్కూటర్లకు 48, 60 వోల్టులవే నడుస్తయి కాబట్టి మన టౌన్లలో అవే స్టాకుంటయి.

ఉల్టా చేసినా తప్పే. 36 వోల్టుల కంట్రోలర్‌కు 48 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చాలా బోర్డుల మీద ఉండే 50 వోల్టుల కెపాసిటర్ 54.6 వోల్టులకు తట్టుకోలేక ఉబ్బి పగులుతది. "36/48 వోల్టులు" అని రెండూ రాసిన కంట్రోలర్లు ఉన్నయి. ఆన్ చేసినప్పుడు వచ్చే వోల్టేజ్ చూసి ఏ బ్యాటరీనో అవే గుర్తుపడతయి. అవి మీకు పనికొస్తయి, కాకపోతే కటాఫ్ రెండిటికీ విడివిడిగా లేబుల్ మీద రాసి ఉందా అని చూసి తీసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు మూడు వరుసగా పెట్టుకున్నవాళ్లకు కూడా ఇదే 36 వోల్టుల కంట్రోలర్ నడుస్తది. దాని కటాఫ్ సుమారు 31.5 వోల్టులు, మూడు బ్యాటరీలకు పంచితే ఒక్కొక్కదానికి 10.5.

అయితే కొత్తది ఏదైనా సరే, కొనేకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాతది ఎందుకు పోయిందో తెలుసుకోవాలె. మోటార్ కేబుల్‌లో షార్ట్ ఉంటే కొత్త కంట్రోలర్ థ్రాటిల్ తిప్పిన క్షణంలనే కాలిపోతది. ఒక మల్టీమీటర్, అరగంట సమయం ఉంటే చాలు.

మొదట పాత కంట్రోలర్ నిజంగ పోయిందా అనేది చూడండి. బ్యాటరీ పెట్టి, తాళం ఆన్ చేసి, థ్రాటిల్ కనెక్టర్‌లో ఎర్రకు నల్లకు మధ్య వోల్టేజ్ చూడండి. 4.5 నుంచి 5 వోల్టుల మధ్య రావాలె. రాకపోతే వెంటనే పారేయొద్దు. థ్రాటిల్, పెడల్ సెన్సర్, మోటార్ హాల్ కనెక్టర్ (మోటార్ ఎక్కడ తిరుగుతుందో చెప్పే చిన్న సెన్సర్లది) - ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా విప్పుతూ ఖాళీ కనెక్టర్ దగ్గర మళ్లీ కొలవండి. ఏది విప్పంగనే 5 వోల్టులు తిరిగొచ్చినయో, నీళ్లు పోయింది దాంట్లోకి. కంట్రోలర్ బాగానే ఉంది. వానలో తడిసిన సైకిళ్లలో ఈ కథ తరచు ఉంటది. థ్రాటిల్ అయితే అదొక్కటి మారిస్తే అయిపోతది.

5 వోల్టులు వస్తున్నా మోటార్ కదలకపోతే బ్యాటరీ విప్పేసి, మోటార్ ఫేజ్ వైర్లు (మోటార్‌కు కరెంట్ పోయే మూడు లావు వైర్లు) కూడా విప్పి, మీటర్‌ను డయోడ్ మీద పెట్టండి. ఎర్ర ప్రోబ్‌ను కంట్రోలర్ బ్యాటరీ నల్ల వైర్ మీద ఉంచి, నల్ల ప్రోబ్‌ను పసుపు, ఆకుపచ్చ, నీలం లావు వైర్ల మీద వరుసగా పెట్టండి. మూడూ 0.4 నుంచి 0.6 మధ్య, దాదాపు ఒకే అంకె చూపాలె. తర్వాత నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ ఎర్ర లావు వైర్ మీద పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో మళ్లీ మూడు ఫేజ్‌లు చూడండి. ఒక్కటి సున్నా చూపి మీటర్ కూత పెడితే ఆ మాస్ఫెట్ (కంట్రోలర్ లోపల కరెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే ముక్క) షార్ట్ అయింది. ఇట్ల అయిన కంట్రోలర్ ఊరికే కాలదు, మోటార్ వైపు కారణం దొరికేదాకా ఆగండి.

ఇప్పుడు మోటార్. గేర్ హబ్ లోపల ఒకవైపు క్లచ్ ఉంటది. చక్రాన్ని ముందుకు తిప్పితే లోపలి మోటార్ అసలు తిరగదు. అందుకే ఈ పరీక్షలన్నీ చక్రాన్ని వెనక్కి తిప్పుతూ చేయాలె. పెడళ్లు కూడా వెనక్కి తిరుగుతయి, తిరగనియ్యండి. మూడు ఫేజ్ వైర్లు ఒకదానికొకటి తగలకుండ విడిగా ఉంచి వెనక్కి తిప్పండి, కొంచెం బరువుగా ఉన్నా తిరగాలె. ఇప్పుడు రెండు వైర్ల కొసలు కలిపి తిప్పండి. గట్టిగ, కుదుపుతో అడ్డుకోవాలె. పసుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ-నీలం, నీలం-పసుపు మూడు జతలకూ అదే గట్టితనం రావాలె. ఏమీ కలపకముందే గట్టిగ ఉంటే కేబుల్‌లోనో మోటార్ లోపలి తీగ చుట్టలోనో షార్ట్ ఉంది. ఒక జతకు మెత్తగ ఉంటే ఆ ఫేజ్ తెగింది. మీటర్‌తో రెండు ఫేజ్‌ల మధ్య ఓమ్స్ కొలిచి మంచిదో చెడ్డదో తేల్చాలని చూడొద్దు. అది ఓమ్‌లో చిన్న భాగం, మామూలు మీటర్‌కు అందదు, బాగున్న మోటార్ కూడా షార్ట్ లెక్కనే కూత పెడతది.

తర్వాత ప్రతి ఫేజ్ వైర్ నుంచి ఇరుసు ఇనుముకు, ప్రతి ఫేజ్ నుంచి సన్నని ఐదు హాల్ వైర్లకు కనెక్షన్ ఉందా చూడండి. ఎక్కడా ఉండొద్దు. కేబుల్ ఇరుసు నుంచి బయటికి వచ్చే మూలే అన్నిటికంటే బలహీనమైన చోటు. నట్టు వదులై ఇరుసు ఒకసారి జరిగితే అక్కడ వైర్ల తొడుగు తెగుతది, ఫేజ్ వైర్ హాల్ వైర్‌కు తగులుతది, 36 వోల్టులు 5 వోల్టుల లైన్‌లోకి పోయి కంట్రోలర్ మొత్తం చచ్చిపోతది. వాన నెపమే కానీ అసలు కారణం ఇదై ఉండొచ్చు, కాబట్టి ఆ మూల రబ్బర్ పక్కకు జరిపి కండ్లారా చూడండి.

హాల్ సెన్సర్లకు పాత కంట్రోలర్ 5 వోల్టులు ఇస్తుంటే, హాల్ కనెక్టర్ పెట్టే ఉంచి నల్ల వైర్‌కు, ఒక్కొక్క సన్న రంగు వైర్‌కు మధ్య కొలుస్తూ చక్రాన్ని మెల్లగ వెనక్కి తిప్పండి. మూడూ సున్నాకూ 5 వోల్టులకూ మధ్య మారుతుండాలె. కంట్రోలర్ పూర్తిగా పోతే మొబైల్ చార్జర్ కేబుల్ కోసి దాని ఎర్ర, నల్ల వైర్లతో హాల్ ఎర్రకు, నల్లకు 5 వోల్టులు ఇయ్యండి. ఎర్ర వైర్ నుంచి కొలిచే రంగు వైర్‌కు ఒక 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెట్టాలె, లేకుంటే బాగున్న హాల్ కూడా ఏమీ చూపదు. ఒక్క హాల్ చచ్చిపోతే మూడూ మార్చుకోవడం మేలు. ఎస్‌ఎస్41ఎఫ్ అనే రకం చిన్న ముక్కలు కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడగొచ్చు. తీసేటప్పుడు వాటి చదునైన ముఖం ఏ వైపుందో ఫోటో తీసుకొని, కొత్తవి అట్లనే కూర్చోబెట్టాలె. హాల్ లేకుండ నడిచే కంట్రోలర్ తెచ్చి ఈ పని తప్పించుకోవచ్చు అని సలహా ఇస్తరు. మిర్యాలగూడ కాలువ గట్టు మీద తిరిగేవాళ్లకు అది సరిపోతది. దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఎత్తు మీద బరువుతో ఆగి మళ్లీ లేవాల్సిన సైకిల్‌కు సరిపోదు. హాల్ లేకుంటే మోటార్ ఎక్కడుందో కంట్రోలర్‌కు తిరిగినంకే తెలుస్తది కాబట్టి మొదటి మీటరు కుదుపులతోనే పోతది, మీరు తొక్కి లేపాలె.

మోటార్ బాగుందని తేలింది అనుకుందాం. ఇప్పుడు కొనాల్సింది ఏది?

మోటార్ నుంచి మూడు లావు వైర్లు, ఐదు సన్నవి వస్తున్నయి కాబట్టి మీది బ్రష్‌లెస్. లావు వైర్లు రెండే ఉంటే అది బ్రష్ మోటార్, చైన్‌తో తిప్పే పాత ఎంవై1016 కిట్లు ఆ రకమే. ఒకదాని కంట్రోలర్ ఇంకొకదానికి ఏ రకంగానూ పనికిరాదు. ఆరో సన్న వైర్, ఎక్కువగా తెల్లది, ఉంటే అది వేగం చూపే సెన్సర్‌దో వేడి చూపేదో అయి ఉంటది, వదిలేసినా మోటార్ నడుస్తది.

వాట్ల సంగతి ఇక్కడ తేల్చుకోవాలె. మోటార్ మీద రాసిన 250 వాట్లు అంటే అది ఎక్కువసేపు వేడెక్కిపోకుండ మోసే బలం. కంట్రోలర్ మీద రాసిన వాట్లకు అట్లాంటి లెక్క ఏమీ లేదు. ఆరు మాస్ఫెట్ల బోర్డు, 15 ఆంప్స్ లిమిట్ - అదే బోర్డుకు ఒక డబ్బా మీద 250 అని, ఇంకో డబ్బా మీద 350 అని స్టిక్కర్ ఉంటది. మోటార్‌కు ఎంత బలం అందుతదో నిర్ణయించేది ఆ ఆంప్స్ లిమిట్ ఒక్కటే. వాట్లు చూసి కొంటే ఏం కొన్నరో మీకే తెలియదు.

మీకెన్ని ఆంప్స్ కావాలె? మీరు 65 కిలోలు, సైకిల్ మోటార్ బ్యాటరీ కలిపి 25, పాలు క్యాన్లు 20 అనుకుందాం, మొత్తం 110 కిలోలు. చదును తారు రోడ్డు మీద గంటకు 22 కిలోమీటర్లకు చక్రం దగ్గర సుమారు 160 వాట్లు కావాలె. మోటార్, కంట్రోలర్ తినేది పోను బ్యాటరీ నుంచి 210 దాకా తీసుకోవాలె, అంటే 6 ఆంప్స్. అదే వంద మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు మీద, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, బరువును పైకి లేపడానికే 225 వాట్లు. రోడ్డు, గాలి కలిపి ఇంకో 80. చక్రం దగ్గర 305 కావాలంటే బ్యాటరీ నుంచి 400 వాట్లు, అంటే 11 ఆంప్స్ పైనే. వందకు 8 మీటర్లు లేచే చోట అదే వేగానికి చక్రం దగ్గర 440 కావాలె, 15 ఆంప్స్ పెట్టినా 400 దాకనే వస్తది, మిగిలింది మీరు తొక్కాలె. అది పెద్ద కష్టం కాదు, మామూలు మనిషి తొక్కుడులోనే 75 వాట్లు వస్తయి. కాబట్టి మీకు 36 వోల్టులు, గరిష్ఠంగా 14 లేదా 15 ఆంప్స్. ఎత్తులు లేని ఊళ్లో అయితే 12 చాలు, బ్యాటరీ ఇంకా దూరం వస్తది.

20, 22 ఆంప్స్‌ది పెడితే ఇంకా లాగదా అంటే, కొన్నాళ్లు లాగుతది. మీ మోటార్ లోపల గేర్లు నైలాన్‌వి. వేడెక్కినప్పుడు మెత్తబడి, మొదలుపెట్టేటప్పటి కుదుపుకు పండ్లు రాలుతయి. ఇరుసు రంధ్రంలోంచి పోయే ఫేజ్ వైర్లు సన్నవి, వాటిని లావు చేసే జాగా లేదు. ఇంకో సంగతి, 15 ఆంప్స్ అనేది బ్యాటరీ వైపు లెక్క. చక్రం మెల్లగ తిరుగుతున్నప్పుడు ఫేజ్ వైర్లలో పారే కరెంటు దానికి రెండింతలు కూడా ఉంటది, మోటార్‌ను కాల్చేది అదే. ఎత్తు మీద వేగం బాగా పడిపోయి మోటార్ మూలుగుతుంటే థ్రాటిల్ పట్టుకొని కూర్చోవద్దు, తొక్కండి, లేకుంటే దిగి నడవండి. ఏ కంట్రోలర్ పెట్టినా ఈ మాట మారదు. లోపలున్న షంట్ తీగ (కరెంట్ ఎంత పోతుందో కొలిచే తీగ) మీద సీసం వేసి ఆంప్స్ పెంచుతమని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఎంత పెరిగిందో చేసినాయనకు కూడా తెలియదు, కంట్రోలర్ మాత్రం ఇంకా 15 ఆంప్సే పోతున్నయనుకుంటది.

బ్యాటరీ కూడా ఒప్పుకోవాలె. దాని మీదనో బిల్లు మీదనో బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్స్‌ను కాపాడే బోర్డు) నిరంతరం ఎన్ని ఆంప్స్ ఇస్తదో రాసి ఉంటది. 20 అని ఉంటే 15 ఆంప్స్ కంట్రోలర్ నిశ్చింతగ పెట్టొచ్చు. 15 అని ఉంటే 14 ఆంప్స్‌ది తీసుకోండి. పది మాత్రమే ఉంటే ఎత్తు మీద బీఎంఎస్సే ఆపేస్తది, ఆ బ్యాటరీకి 15 ఆంప్స్ కంట్రోలర్ పెట్టి లాభం లేదు. చట్టం సంగతి ఒక్క ముక్క: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం మోటార్ 30 నిమిషాల పవర్ 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు అని పరీక్షా సంస్థ ధ్రువీకరించిన సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించరు. వోల్టేజ్ పెంచి వేగం పెంచుకుంటే ఆ లెక్కలోంచి బయటపడతరు.

దుకాణంలో లేబుల్ ఇట్ల చదవండి. వోల్టేజ్ 36. కరెంట్ లిమిట్ 14 లేదా 15, పక్కన ఒక ఆంప్ అటూఇటూ అని ఉంటది. అండర్ వోల్టేజ్, అంటే పైన చెప్పిన కటాఫ్, 31 లేదా 31.5. ఫేజ్ యాంగిల్ 120 డిగ్రీలు. ఇప్పటి హబ్ మోటార్లు దాదాపు అన్నీ 120వే. థ్రాటిల్ 1.1 నుంచి 4.2 వోల్టులు. బ్రేక్ లో-లెవెల్, అంటే మామూలు రెండు వైర్ల బ్రేక్ లీవర్ సరిపోతది. వోల్టులు, ఆంప్స్, అండర్ వోల్టేజ్ - ఈ మూడింటిలో ఏది లేకున్నా, ఉత్త "36 వోల్టులు 350 వాట్లు" అని మాత్రమే ఉన్నా ఆ డబ్బా కొనొద్దు. సైన్ వేవ్ రకం దొరికితే మంచిదే, మోటార్ చప్పుడు తగ్గి మెత్తగ లేస్తది. స్క్వేర్ వేవ్ దొరికినా నష్టం లేదు, బలంలో తేడా మీకు తెలియదు.

డిస్‌ప్లే దగ్గర చాలామంది దెబ్బ తింటరు. ఐదు వైర్ల డిస్‌ప్లే, కనెక్టర్ ఒకటే, కాబట్టి నడుస్తదనుకుంటరు. డిస్‌ప్లే, కంట్రోలర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి తయారీదారును బట్టి మారుతది. కేటీ అనే కంపెనీ రకం కంట్రోలర్‌కు కేటీ డిస్‌ప్లేనే కావాలె. ఎస్866 అని రాసిన డిస్‌ప్లేలు కూడా లోపల వేర్వేరు పద్ధతులతో వస్తయి, చూడడానికి మాత్రం ఒక్కటే. మీ పాత డిస్‌ప్లే ఉంచుకోవాలనుకుంటే పాత కంట్రోలర్ తయారీదారుదే వెతకాలె, లేకుంటే రెండూ జతగా కొనాలె. పాలకు, పొలానికి తిరిగే సైకిల్‌కు డిస్‌ప్లే లేని రకమే మేలు. తాళం చెవి, థ్రాటిల్, పెడల్ సెన్సర్ ఉంటే చాలు, ఏది పోయినా ఏ టౌన్‌లోనైనా దొరుకుతది.

మోటార్ కేబుల్ కొసన గుండ్రటి తొమ్మిది పిన్నుల వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ ఉంటే కంట్రోలర్ కూడా అదే కొసతో ఉన్నది చూడండి. దొరకకపోతే మోటార్ వైపు కేబుల్ కోయొద్దు. ఆ కనెక్టర్‌కు సరిపోయే విడి కేబుల్ కొని, దాని రెండో కొసను కంట్రోలర్ వైర్లకు సోల్డర్ చేసుకోండి.

వైరింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ కంట్రోలర్లను చంపేది థ్రాటిల్ మీదుండే బ్యాటరీ మీటర్. ఉత్త థ్రాటిల్‌కు మూడే వైర్లు: ఎర్ర 5 వోల్టులు, నల్ల గ్రౌండ్, ఆకుపచ్చదో తెల్లదో సిగ్నల్. వోల్టేజ్ చూపే థ్రాటిల్‌కు ఇంకో రెండు మూడు వైర్లు ఉంటయి, వాటిలో బ్యాటరీ 36 వోల్టులు పారుతయి. అందులో ఒక్కటి 5 వోల్టుల లైన్‌కు తగిలితే ప్రాసెసర్ పోతది. రంగు నమ్మొద్దు, బ్యాటరీ పెట్టి మీటర్‌తో కొలిచి, 36 వచ్చే వైర్లకు ముందే టేప్ చుట్టి పక్కన పెట్టండి. అలారం కోసం ఇచ్చిన కనెక్టర్‌లో కూడా బ్యాటరీ వోల్టేజ్ ఉంటది, దానికి మూత పెట్టండి. సన్నని ఎర్ర లేదా నారింజ వైర్ తాళానిది, దానికి తాళం గుండా బ్యాటరీ ప్లస్ రావాలె. అది కలపకపోతే కంట్రోలర్ చచ్చినట్టే పడి ఉంటది, చాలామంది కొత్తదే పాడుదనుకొని తిరిగి పంపేది ఈ ఒక్క వైర్ వల్ల. తెల్లవి రెండు జతలు కనిపించొచ్చు: ఒకటి వేగం తగ్గించేది, ఒకటి మోటార్ వైర్ల వరుసను కంట్రోలర్ దానంతట అదే నేర్చుకునేది. పేరు చీటీ చూసే ముట్టుకోండి.

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు బ్యాటరీని నేరుగా తగిలించొద్దు. కార్ ఇండికేటర్ బల్బులు, 12 వోల్టులు 21 వాట్లవి, మూడు వరుసగా కలిపి బ్యాటరీ ప్లస్ వైర్ మధ్యలో పెట్టండి. లోపల షార్ట్ ఉన్నా సుమారు 2 ఆంప్స్ కంటే ఎక్కువ పారుతూ ఉండదు, మాస్ఫెట్లు కాలవు. తగిలించంగనే బల్బులు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలె, కెపాసిటర్ నిండింది అన్నట్టు. నిండుగ వెలుగుతనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, విప్పండి. ఆరిపోతే తాళం ఆన్ చేసి, వెనక చక్రం పైకి లేపి, థ్రాటిల్ కొంచెం తిప్పండి. బల్బులు మసకగ వెలుగుతూ చక్రం మెత్తగ తిరగాలె.

నేర్చుకునే వైర్లున్న కంట్రోలర్ అయితే ఈ పరీక్ష అయినంక, బల్బులు తీసేసి, ఆ జత కలిపి ఆన్ చేయండి. మోటార్ దానంతట అదే తిరుగుతది. చక్రం ముందుకు తిరిగితే జత విప్పి ఆఫ్ చేయండి. తిరగకపోతే జత ఒకసారి విప్పి కలిపితే దిశ మారుతది. గేర్ హబ్ కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి: లోపల మోటార్ తిరిగే చప్పుడు వస్తూ చక్రం కదలకపోతే మోటార్ చెడిపోలేదు, వెనక్కి తిరుగుతున్నది, క్లచ్ పట్టుకోవడం లేదు.

నేర్చుకునే వైర్లు లేకుంటే మొదట రంగుకు రంగు కలిపి చూడండి, అట్లనే కుదరొచ్చు. గరగరమని కుదుపుతూ, బల్బులు గట్టిగ వెలిగితే రంగుల వరుస తప్పు. హాల్ వైర్లను కదపకుండ, మూడు ఫేజ్ వైర్లను మాత్రమే అటూఇటూ మార్చండి. మొత్తం ఆరు వరుసలు వస్తయి, కాగితం మీద రాసుకొని ఒక్కొక్కటి కొట్టేయండి, ఎందుకంటే మూడోదానికే ఏది చూసినమో మరిచిపోతం. ఆరింటిలో ఒక్కటే సరైనది. ఆ ఒక్కటి మోటార్‌ను వెనక్కి తిప్పితే (చప్పుడు వస్తది, చక్రం కదలదు) సన్నని హాల్ రంగు వైర్లలో ఏవైనా రెండింటిని మార్చి, ఆరు వరుసలు మళ్లీ మొదటి నుంచి చూడండి. మార్చే ప్రతిసారీ బ్యాటరీ విప్పాలె. మెత్తగ తిరగడం ఒక్కటే సరిపోదు. దగ్గరి తప్పు వరుసలో కూడా చక్రం తిరుగుతది, బరువు పడంగనే వేడెక్కి కాలుతది. బల్బులు తీసి, మీటర్‌ను 10 ఆంప్స్ మీద పెట్టి, చక్రం గాలిలో పూర్తి వేగంతో తిరిగేటప్పుడు ఎంత తీసుకుంటుందో చూడండి. చిన్న గేర్ మోటార్‌కు ఒక ఆంప్ అటూఇటూ. మూడు దాటితే వరుస తప్పే.

వరుస కుదిరినంక ఫేజ్ కనెక్టర్లను మెలితిప్పి టేప్ చుట్టి వదిలేయొద్దు. 4 మిల్లీమీటర్ల బుల్లెట్ కనెక్టర్లు సోల్డర్ చేసి, ఒక్కొక్కదానికి విడిగా హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. బ్యాటరీ ప్లస్‌లో 20 ఆంప్స్ ఫ్యూజ్ ఉండాలె. మామూలు కార్ బ్లేడ్ ఫ్యూజులు 32 వోల్టులకే చేసినవి, 58 వోల్టులదని రాసింది అడగండి.

కంట్రోలర్ పెట్టే చోటు కొనడమంత ముఖ్యం. నల్గొండ ఎండల్లో మే నెలలో బయటనే 44 దాటుతది. రెగ్జిన్ సంచిలో మూసి పెట్టిన కంట్రోలర్ ఎత్తు మీద ఇంకా ఎంత వేడెక్కుతదో ఊహించండి, లోపలి కెపాసిటర్లు ఎండిపోయేది ఆ వేడికే. అల్యూమినియం డబ్బాను ఫ్రేమ్ గొట్టానికి గట్టిగ బిగించి, గీతలున్న ముఖానికి గాలి తగలనియ్యండి. వైర్లు బయటికొచ్చే ముఖం కిందికి ఉండాలె. ప్రతి కేబుల్ కనెక్టర్ దగ్గరికి వచ్చేముందు కొంచెం కిందికి వంగి మళ్లీ లేచేటట్టు కట్టండి, నీళ్లు ఆ వంపు దగ్గరనే కారిపోతయి. వైర్ల రంధ్రం దగ్గర న్యూట్రల్ సిలికాన్ వేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తింటది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు హబ్ మీద, కంట్రోలర్ మీద కొట్టనియ్యొద్దు.

ఇరుసుకు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరిగిపోకుండ ఫ్రేమ్‌కు పట్టే ఇనుప పట్టీ) లేకుంటే ఈసారి తప్పక వేయించండి. ఉత్త టార్క్ వాషర్ బరువు మోసే సైకిల్‌కు చాలదు. ఇంతకుముందు చెప్పిన కేబుల్ తెగుడు మళ్లీ రాకుండ ఆపేది అదొక్కటే. కేబుల్ కిందికి చూస్తూ బయటికి రావాలె, పైకి కాదు.

అన్నీ బిగించినంక మొదట క్యాన్లు లేకుండ రెండు కిలోమీటర్లు పోయి ఆగి, మూడు ఫేజ్ కనెక్టర్లను చేతితో పట్టుకొని చూడండి. ఒకటి మిగతా రెండింటి కంటే వేడిగా ఉంటే దాని సోల్డర్ సరిగ్గ పడలేదు, ఆ ఒక్కటి మళ్లీ వేయండి. మూడూ ఒకే తీరు ఉంటే తెల్లారి పాలు పెట్టుకొని గుట్ట ఎక్కి, పైన ఆగి కంట్రోలర్ డబ్బాను, హబ్‌ను ముట్టుకోండి. చెయ్యి పెట్టి ఐదు సెకన్లు ఉంచగలిగితే బాగున్నట్టు. ఉంచలేకపోతే అదే ఎత్తు మీద ఇంకొంచెం ఎక్కువ తొక్కాలె, అదీ కాకపోతే 12 ఆంప్స్ కంట్రోలర్‌కు దిగాలె. ఇరుసు నట్లను మొదటి వారం రోజూ స్పానర్‌తో చూడండి, కొత్తగా బిగించినవి ఆ వారంలనే వదులైతయి.